పాత మోటారు యాట్‌లో లోపలి చెక్కపనిని బాగుచేసుకోవడం ఎలా

పాత మోటారు యాట్ (ఇంజనుతో నడిచే విహార పడవ) చేతికి వచ్చినవారు అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. లోపలి టేకు పలకలు నల్లబడ్డాయి, కిటికీల కింద వార్నిష్ పెచ్చులుగా లేచిపోతోంది, ఇప్పుడు ఏ వార్నిష్ కొనాలి అని అడుగుతారు. వార్నిష్ పేరు చెప్పడం సులువే కాని, ఆ పెచ్చులు ఎందుకు లేచాయో తెలుసుకోకుండా వేసిన వార్నిష్ ఎంత ఖరీదైనదైనా మరుసటి వానాకాలానికి అదే చోట మళ్లీ లేస్తుంది. పడవ లోపలి చెక్కను పాడుచేసేది వయసు కంటే ఎక్కువగా ఎక్కడో ఒకచోట నుంచి లోపలికి దిగే నీరు. అందుకే ఈ పద్ధతిలో సగం శ్రమ నీటి మీదనే పెట్టాలి. వార్నిష్ డబ్బా మూత పదో మెట్టు దాకా తీయనవసరం లేదు.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా 1960, 1970 దశకాల ట్రాలర్ (చేపలవేట పడవ) తరహా యాట్‌ల గురించి. అమెరికన్ మెరైన్ సంస్థ మొదట హాంగ్‌కాంగ్‌లోనూ, తర్వాత సింగపూర్‌లోనూ తయారుచేసిన గ్రాండ్ బ్యాంక్స్ పడవలు ఈ కోవలో బాగా పేరున్నవి. 1973లో ఆ సంస్థ కర్ర హల్ (పడవ బయటి దేహం) మాని ఫైబర్‌గ్లాస్‌కు మారింది కాని, లోపలి పని తర్వాత కూడా టేకుతోనే సాగింది. సియాటిల్ చుట్టుపక్కల రేవుల్లోనూ, చెసపీక్ అఖాతంలోనూ ఇవి నేటికీ తిరుగుతున్నాయి. అక్కడ స్థిరపడిన తెలుగువారు పాత పడవ కోసం వెతికినప్పుడు ఇవి కంటపడక మానవు. అంతకు ముందు కాలపు ఇంగ్లండు పడవల్లో మహోగని తరచుగా కనిపిస్తుంది. పద్ధతి అదే, తేడా ఉన్నచోట చెబుతాను.

పని మొదలుపెట్టే ముందు ఒక విషయం గుర్తించాలి. మీ పడవలో చెక్క రెండు రకాలుగా ఉంటుంది. తలుపు చట్రాలు, అంచు పట్టీలు, చేతి పట్టుడు కమ్మీలు గట్టి టేకు. అడ్డగోడలు, లాకర్ల (పడవలోని అల్మరాల) తలుపులు, పెద్ద పలకలు మాత్రం ప్లైవుడ్ మీద అతికించిన పలుచని టేకు వెనీర్. ఆ పొర చాలాచోట్ల ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. మొదటి రకం మీ తప్పులను కొన్నింటిని క్షమిస్తుంది; రెండోది ఒక్కటి కూడా క్షమించదు.

కావలసినవి

పరిశీలనకు రెండు సూదుల తేమ మీటరు, బలమైన టార్చి, సన్నని మొన ఉన్న స్క్రూడ్రైవర్, సుద్దముక్క, తోట గొట్టం.

విప్పడానికి అన్ని సైజుల చదును స్క్రూడ్రైవర్లు, పలుచని గరిటె లాంటి బ్లేడు, మాస్కింగ్ టేపు, జిప్ ఉన్న చిన్న ప్లాస్టిక్ సంచులు, మార్కర్ పెన్ను.

శుభ్రతకు, పాత పూత తీయడానికి గాఢత తక్కువ సబ్బు, మినరల్ స్పిరిట్, డీనేచర్డ్ ఆల్కహాల్, అసిటోన్, ఆక్సాలిక్ ఆమ్లం, చేతి స్క్రేపర్, 120 నుంచి 320 నంబరు వరకు ఉప్పు కాగితాలు, వాటిని చుట్టి పట్టుకోవడానికి కార్కు లేదా కర్ర దిమ్మ.

మరమ్మతుకు మెరైన్ ఎపాక్సీ (హార్డెనర్ కలిపితే గట్టిపడే జిగురు), దాన్ని చిక్కబరిచే పొడి, సూదిమందు సిరంజీలు, క్లాంపులు, పదునైన ఉలి, టేకు తునకలు, టేకు వెనీర్.

పూతకు మంచి ఆయిల్ వార్నిష్ మెరుపు రకం ఒకటి, మెరుపు తగ్గించిన శాటిన్ రకం ఒకటి, దాని తయారీదారు చెప్పిన థిన్నర్, వడపోత కాగితాలు, మంచి వెంట్రుకల బ్రష్.

రక్షణకు ద్రావకాల ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు, నైట్రైల్ చేతి తొడుగులు, కళ్లద్దాలు, అగ్నిమాపక సిలిండర్. దుమ్ము మాస్కు ఆవిరిని ఆపదు, ఈ రెండింటినీ ఒకటిగా చూడవద్దు.

ముందుగా పాటించవలసిన జాగ్రత్తలు

పడవ గది ఇంటి గది లాంటిది కాదు. అసిటోన్, థిన్నర్, స్పిరిట్ ఆవిరులు గాలికంటే బరువైనవి. అవి నేల పలకల సందుల్లోంచి కిందికి దిగి, పడవ అడుగున ఉండే బిల్జ్‌లో మడుగుకడతాయి. అక్కడే నీళ్లు తోడే బిల్జ్ పంపు స్విచ్ ఉంటుంది, బ్యాటరీ తీగలు ఉంటాయి. అందువల్ల ద్రావకంతో పని చేసే రోజున రేవు నుంచి వచ్చే కరెంటు తీసివేయండి, బ్యాటరీ స్విచ్‌లు ఆపండి, గ్యాస్ సిలిండర్ కట్టేయండి, రెండు పక్కలా కిటికీలు తెరిచి గాలి ఒకవైపు నుంచి వచ్చి మరోవైపు పోయేలా చూసుకోండి. ఫ్యాను పెట్టవలసివస్తే బయట నుంచి గాలిని లోపలికి తోసేలా పెట్టాలి. ఆవిరిని మామూలు ఫ్యాను మోటారు మీదుగా లాగించకూడదు. బిల్జ్ పంపు ఆపినంతసేపూ మీరు పడవలోనే ఉండాలి, వెళ్లేముందు గాలి బాగా ఆడించి మళ్లీ పనిచేయించాలి.

మెథిలీన్ క్లోరైడ్ ఉన్న పెయింట్ రిమూవర్ పాత దుకాణాల్లోనో, స్నేహితుల షెడ్డులోనో దొరికినా వాడవద్దు. మూసిన గదుల్లో అది ప్రాణాలు తీసింది. అమెరికాలో 2019లో దాన్ని సామాన్య వినియోగదారులకు అమ్మడం నిషేధించారు. ఇంజన్ గది వైపు, లాకర్ల లోపల తెల్లరంగు వేసి ఉంటే దానిలో సీసం ఉండవచ్చు. 1978కి ముందు అమెరికాలో ఇళ్ల రంగుల్లో కూడా సీసం ఉండేది. పరీక్ష చేసే పుల్లలు దొరుకుతాయి. సీసం ఉందని తేలితే ఆ రంగును పొడిగా రుద్దవద్దు. టేకు దుమ్ము కూడా అమాయకమైనది కాదు. కొందరికి చర్మం దద్దుర్లు, ఉబ్బసం తెప్పిస్తుంది. రుద్దేటప్పుడు వ్యాక్యూమ్, మాస్కు రెండూ ఉండాలి.

1. నీటి దారి పట్టుకోండి

నీరు కనిపించిన చోటే కారుతోందని అనుకోవద్దు. డెక్కు మీద ఒక కమ్మీ బోల్టు దగ్గర దిగిన చుక్క, పైకప్పు పలకల వెనుక దూలం వెంబడి రెండు మీటర్లు పాకి, ఎక్కడో కిటికీ మూలన బయటపడుతుంది. ముందు పైకప్పు పలకలను, కిటికీల లోపలి చట్రాలను విప్పండి. మరకల పై అంచు వెంబడి సుద్దతో గీత గీయండి. తడి తగలగానే సుద్ద ముదురుతుంది.

తర్వాత ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి, మరొకరు బయట గొట్టంతో నీళ్లు పట్టాలి. ఎప్పుడూ కింది నుంచి పైకి పట్టండి. ముందు కిటికీ కింది అంచు మీద ఐదు నిమిషాలు, తర్వాత పక్క అంచులు, ఆ తర్వాత పై అంచు, చివరికి డెక్కు బిగింపులు. పై నుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడిసి ఏది కారుతోందో తెలియదు. గొట్టం నీరు మెల్లగా పారాలి. పిచికారీ ఒత్తిడితో కొడితే మామూలు వానలో ఎన్నడూ కారని చోట కూడా నీరు దూరుతుంది.

కారుతున్న బిగింపును విప్పి, పాత సీలెంట్ మొత్తం గీకి, కొత్తగా వేయండి. పైపైన పూయడం వల్ల నీరు దారి మార్చుకుంటుంది, ఆగదు. లోహపు బిగింపులకు బ్యుటైల్ టేపు లేదా పాలీసల్ఫైడ్ సీలెంట్ మంచివి. అక్రిలిక్, పాలీకార్బొనేట్ కిటికీలకు పాలీసల్ఫైడ్ వాడవద్దు, అది ఆ ప్లాస్టిక్‌ను దెబ్బతీస్తుంది. వార్నిష్ వేయబోయే చెక్క దగ్గర సిలికోన్ అసలే వద్దు. సిలికోన్ అంటిన చెక్క మీద వార్నిష్ నిలవక, గుండ్రని గుంటలుగా విడిపోతుంది, ఆ మచ్చను పోగొట్టడం చాలా కష్టం.

సరిచూసుకోవడం: మళ్లీ గొట్టం పరీక్ష చేయండి. తర్వాత అనుమానమున్న ప్రతి మూలలో టిష్యూ కాగితం ముక్క అంటించి, కనీసం ఒక పెద్ద వాన చూసేవరకు ఆగండి.

2. తేమ కొలిచి, నెమ్మదిగా ఆరబెట్టండి

పడవలో ఎప్పుడూ తడవని ఒక పలకను ఎంచుకుని అక్కడ మీటరు పెట్టండి. అది మీ కొలమానం. మిగతా చోట్ల అంకె దానికి దగ్గరగా వచ్చేవరకు పూత జోలికి పోకూడదు. సాధారణంగా 15 శాతం లోపు ఉంటే పని చేసుకోవచ్చు. 20 శాతం దాటి ఎక్కువకాలం ఉన్న చెక్కలో పుచ్చు పట్టే శిలీంధ్రానికి దారి దొరుకుతుంది. ఈ విషయంలో ఉప్పునీటికంటే వాననీరే ఎక్కువ హాని చేస్తుంది, ఎందుకంటే ఉప్పు ఆ శిలీంధ్రాన్ని కొంత అణచి ఉంచుతుంది. అయితే చెక్కలో ఉప్పు ఉంటే మీటరు అసలుకంటే ఎక్కువ చూపుతుంది. అందుకని ఉప్పునీరు తగిలిన చెక్కను ముందు మంచినీళ్ల గుడ్డతో రెండుమూడుసార్లు తుడిచి, ఆరాక కొలవండి.

డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమ లాగే యంత్రం) పెట్టి వారాల పాటు ఆరనివ్వండి. హీటర్ దగ్గరగా పెట్టి తొందరపెడితే గట్టి కర్ర పగులుతుంది, వెనీర్ నెర్రెలు విచ్చుతుంది. పొగగొట్టం లేని కిరోసిన్, గ్యాస్ హీటర్లు ఇంధనం మండేటప్పుడు నీటి ఆవిరినే గదిలోకి వదులుతాయి కనుక ఆరబెట్టడానికి పనికిరావు, పైగా ఊపిరికి ప్రమాదం.

ఈ దశలో జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. ఉబ్బి పట్టేస్తున్న తలుపును చిత్రిక పట్టి సన్నం చేస్తారు. ఆరిన తర్వాత అదే తలుపు చట్రంలో వదులుగా కొట్టుకుంటుంది. బిగుసుకున్న తలుపులను విప్పి పక్కన పెట్టండి, కొలతల మాట ఆరాక చూసుకోవచ్చు.

3. గుర్తులు రాసి విప్పండి

ప్రతి గదినీ ముందు ఫోటోలు తీయండి. విప్పే ప్రతి ముక్క వెనుక టేపు అంటించి, ఎడమ పక్కదా కుడి పక్కదా, అణియం (ముందు) వైపుదా అమరం (వెనుక) వైపుదా, ఎన్నోదో రాయండి. చేత్తో చేసిన పనిలో ఎడమ పట్టీ కుడివైపు సరిపోదు, చూడటానికి ఒకేలా ఉన్నా సరే.

స్క్రూ తలలు చాలాచోట్ల గుండ్రని టేకు బిళ్లల కింద దాగి ఉంటాయి. బిళ్ల మధ్యలో సన్నని రంధ్రం చేసి, అందులో ఒక చిన్న స్క్రూ తిప్పండి. దాని మొన కింద ఉన్న స్క్రూ తలకు తగిలాక ఇంకా తిప్పితే బిళ్ల తనంతట తానే పైకి లేస్తుంది. ఉలితో పెకలిస్తే రంధ్రం అంచులు విరుగుతాయి, తర్వాత ఏ బిళ్లా సరిగ్గా కూర్చోదు. కదలని ఇత్తడి స్క్రూ గాడిని శుభ్రం చేసి, తల మీద వేడి సోల్డరింగ్ ఐరన్‌ను కాసేపు ఆనించి, చల్లారాక గాడికి సరిగ్గా సరిపడే స్క్రూడ్రైవర్‌తో ముందు కొద్దిగా బిగించి, ఆ తర్వాత విప్పండి.

అడ్డగోడలను విప్పవద్దు. వాటిని ఫైబర్‌గ్లాస్‌తో హల్‌కు కలిపి ఉంటే అవి పడవ బలంలో భాగం.

4. ముందు కడగండి

ఇది చాలామంది వదిలేసే మెట్టు, నా లెక్కలో అన్నిటికంటే విలువైనది. యాభై ఏళ్ల వంటపొగ, డీజిల్ మసి, చేతుల జిడ్డు, ఫర్నిచర్ పాలిష్ మైనం కలిసి చెక్కను నల్లగా చూపిస్తాయి. గోరువెచ్చని నీటిలో కొద్దిగా సబ్బు కలిపి, పిండిన గుడ్డతో చిన్న భాగాలుగా తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆర్చండి. ఆరిన మరుసటి రోజు మినరల్ స్పిరిట్ గుడ్డతో తుడిస్తే మైనం వదులుతుంది.

ఇప్పుడు చూడండి. పూత ఎక్కడా లేవకుండా, కేవలం మెరుపు తగ్గి ఉంటే, దాన్ని తీయనవసరం లేదు. ఎనిమిదో మెట్టుకు వెళ్లి తేలికగా గరుకు చేసి, రెండు పూతలు వేస్తే చాలు. పాత పూతను ఉంచుకోగలిగితే కాలం తెచ్చిన బంగారు ఛాయ కూడా నిలుస్తుంది. అది ఏ డబ్బాలోనూ దొరకదు.

బూజుకు బ్లీచింగ్ పౌడర్ వద్దు, అది చెక్క రంగును మచ్చలుగా తీసేస్తుంది. తెల్ల వెనిగర్‌తో తుడిచి ఆరనివ్వండి.

5. పాత పూత ఏమిటో తెలుసుకోండి

కనిపించని మూలలో డీనేచర్డ్ ఆల్కహాల్ చుక్క వేసి నిమిషం ఆగండి. జిగురుగా కరిగితే అది షెల్లాక్, అంటే మన వడ్రంగులు స్పిరిట్ పాలిష్‌లో వాడే లక్క. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి మహోగని పడవల్లో ఇది ఉండే అవకాశం ఎక్కువ, ఆ లక్కలో చాలాభాగం మన దేశం నుంచి ఎగుమతైనదే. కరగకపోతే లక్కర్ థిన్నర్ చుక్క వేయండి. దానికి మెత్తబడితే నైట్రోసెల్యులోజ్ లక్కర్. రెండింటికీ లొంగకపోతే వార్నిష్ లేదా పాలీయురేథేన్. నీటి చుక్క నిలవకుండా చెక్కలోకి ఇంకిపోతే పూత లేదని, ఒకప్పుడు నూనె మాత్రమే పూశారని అర్థం.

ఆల్కహాల్‌కు కరిగే పూతను గీకనే వద్దు. ఆల్కహాల్‌తో కొద్దిగా మెత్తబరిచి, అదే పూతను సర్ది, పైన మరో పలుచని పొర వేసుకోవచ్చు.

6. తప్పనిచోట మాత్రమే పూత తీయండి

గట్టి కర్ర మీద పదునైన స్క్రేపర్ అన్నింటికంటే శుభ్రమైన సాధనం. కర్ర రేఖల వెంబడి, బ్లేడును కొద్దిగా వంచి, మీవైపు లాగండి. పొడి కాకుండా సన్నని చుట్టలు వస్తే పదును సరిగా ఉన్నట్టు. మూలలు చెక్కలో దిగకుండా వాటిని ముందే కొద్దిగా గుండ్రం చేసుకోండి.

వెనీర్ మీద బెంజైల్ ఆల్కహాల్ ఆధారిత రిమూవర్ పూసి, పైన ప్లాస్టిక్ షీటు కప్పి, దానిమీద చెప్పినంతసేపు ఆగి, ప్లాస్టిక్ గరిటెతో తీయండి. హీట్ గన్ వాడితే వార్నిష్‌తో పాటు వెనీర్ కింది జిగురు కూడా మెత్తబడే ప్రమాదం ఉంది. మిషన్ సాండర్‌తో వెనీర్ మీద పూత తీయడం నేను ఎవరికీ సిఫారసు చేయను. ఒక్కసారి పొర చిరిగి కింది ప్లైవుడ్ కనిపిస్తే, ఆ పలక మొత్తానికి కొత్త వెనీర్ వేయడం తప్ప దారి ఉండదు. పొర మందం తెలియాలంటే స్విచ్ బోర్డు విప్పి, దాని కోత అంచులో చూడండి.

7. నల్లమరకలు, పుచ్చు, లేచిన పొరలు

ఇనుప మేకు చుట్టూ, కిటికీ కింద కనిపించే నీలినలుపు మరక, ఇనుము చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థంతో కలిసినందువల్ల వచ్చేది. రుద్దితే పోదు. లీటరు వేడినీటిలో 30 నుంచి 60 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం ప్లాస్టిక్ గిన్నెలో కలపండి. మరక మీద మాత్రమే కాకుండా పలక మొత్తానికి ఈ ద్రావణం పూయాలి, లేకపోతే మరక పోయి దాని స్థానంలో తెల్లని మచ్చ మిగులుతుంది. ఆరిన తర్వాత అవసరమైతే ఇంకొకసారి. ఆపైన మంచినీళ్లతో రెండుమూడుసార్లు తుడవండి. మిగిలిన స్ఫటికాలను పొడిగా రుద్దితే ముక్కు, గొంతు భగ్గుమంటాయి. ఈ ఆమ్లం విషం. తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు, పిల్లలకు అందకుండా ఉంచాలి.

పుచ్చు తెలుసుకోవడానికి పలకల కింది అంచులను స్క్రూడ్రైవర్ మొనతో నొక్కుతూ వెళ్లండి. మంచి చెక్క ఎదురుతిరుగుతుంది, పుచ్చింది లోపలికి దిగుతుంది. చేవగల టేకు అంత తేలికగా పుచ్చదు. దాని వెనుక ఉన్న చవక ప్లైవుడ్, కలపముక్కలు పుచ్చుతాయి. పైన అందంగా కనిపించే పలకను నాణెంతో తట్టి చూడండి. బోలు శబ్దం వస్తే లోపల పొరలు విడిపోయాయి.

వెనీర్ పొర లేచి చిన్న బుడగ ఉంటే, దాన్ని కర్ర రేఖల వెంబడి పదునైన బ్లేడుతో కోసి, సిరంజీతో ఎపాక్సీ ఎక్కించి, పైన మైనపు కాగితం పరచి, చదును పలకతో క్లాంపు వేయండి. అడ్డంగా కోస్తే ఆ కోత ఎప్పటికీ కనిపిస్తుంది. 

కింది అంచు పుచ్చితే, మంచి చెక్క కనిపించేదాకా కోసి తీసి, కొత్త ప్లైవుడ్ ముక్కను వాలు అతుకుతో కలపాలి. వాలు ఒకటికి ఎనిమిది. అంటే 6 మిల్లీమీటర్ల పలకకు అతుకు 48 మిల్లీమీటర్ల పొడవు ఉండాలి. పుచ్చిన చెక్క మీద పలుచని ఎపాక్సీ పోసి గట్టిపరచడం తేలికగా అనిపిస్తుంది కాని, లోపలి తేమ అలాగే బందీ అయిపోయి పుచ్చు వెనుకవైపు సాగుతుంది. అలంకారపు పట్టీలకు తప్ప దాన్ని వాడవద్దు. హల్‌కు కలిసిన అడ్డగోడ అడుగున పుచ్చు కనిపిస్తే మీరు ఆగి, పడవల సర్వేయర్‌ను, అంటే పడవలను పరీక్షించే నిపుణుణ్ణి పిలవాలి.

టేకు స్వభావంలోనే నూనె ఉంటుంది. అతికించే ముందు అసిటోన్ గుడ్డతో తుడిచి, ఆరిన వెంటనే, మళ్లీ నూనె పైకి రాకముందే అతికించండి. ఎపాక్సీ త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ కలపడం మరో సాధారణ పొరపాటు. పాళ్లు తప్పితే అది త్వరపడకపోగా ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు. గట్టిపడిన ఎపాక్సీ మీద మైనం లాంటి పొర తేలితే దాన్ని రుద్దే ముందు నీళ్లతో కడిగేయాలి.

కొత్త కర్ర విషయంలో ఒక మాట. మయన్మార్ ప్రభుత్వ కలప సంస్థపై అమెరికా 2021లో ఆంక్షలు విధించింది, కాబట్టి బర్మా టేకు అని చెప్పి అమ్మేదాన్ని ఎక్కడిదో అడిగి తెలుసుకోండి. మధ్య అమెరికా పెద్దాకు మహోగని కూడా 2003 నుంచి సైటీస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. పాత టేకు బల్ల, తలుపు కోసుకుని వాడటం అన్నివిధాలా మేలు. గోదావరి మీదుగా తెప్పలుగా దిగిన టేకుతో చేసిన పాత సామాను ఇళ్లలో చూసినవారికి ఆ కర్ర ఎన్ని తరాలు నిలుస్తుందో చెప్పనక్కరలేదు.

8. రుద్దండి, తక్కువగా

గట్టి కర్రకు 120, 180, 220 వరుసలో వెళ్లండి. వెనీర్‌కు 220తో మొదలుపెట్టి చేత్తో మాత్రమే, దిమ్మకు చుట్టి, రేఖల వెంబడి రుద్దండి. ముందు పలక మీద పెన్సిల్‌తో అలలుగా తేలికైన గీతలు గీయండి. గీతలు సమంగా చెరిగిన క్షణం ఆపేయండి. అంచుల మీద చెయ్యి తెలియకుండానే ఎక్కువ బలంగా పడుతుంది, వెనీర్ చిరిగేది అక్కడే. అంచులకు మాస్కింగ్ టేపు అంటించి, చివర ఒకటిరెండుసార్లు మాత్రం నేరుగా రుద్దండి. స్టీల్ ఉన్ని పడవలో వాడవద్దు. దాని తునకలు చెక్కలో ఇరుక్కుని తుప్పుపట్టి, ఏడో మెట్టులో పోగొట్టిన మరకలనే మళ్లీ తెస్తాయి.

సరిచూసుకోవడం: గదిని చీకటి చేసి, టార్చిని పలకకు ఆనించి పక్కవాటుగా వెలుగు వేయండి. ఎదురుగా చూస్తే కనిపించని అడ్డగీతలన్నీ అప్పుడు కనిపిస్తాయి.

9. రంగు కలపండి

అప్పుడే కోసిన టేకు ఆకుపచ్చ, గోధుమ చారలతో పాతదాని పక్కన అతికినట్టు ఉండదు. దాన్ని కొన్ని రోజులు ఎండలో పెడితే చారలు కలిసి బంగారు రంగుకు వస్తుంది. అందుకని కొత్త ముక్కలను ముందే కోసి ఎండబెట్టి, రంగు సర్దుకున్నాకే అతికించండి. రంగు ద్రావణాలు పూయడం చివరి మార్గం మాత్రమే. పోల్చి చూసేటప్పుడు కొత్తదాన్ని థిన్నర్‌తో తడిపి చూడాలి. వార్నిష్ వేశాక కనిపించే రంగు దాదాపు అదే.

10. వార్నిష్ వేయండి

ముందు ఎవరికీ కనిపించని చోట్లతో మొదలుపెట్టండి. పలకల కింది అంచులు, స్విచ్ రంధ్రాల కోతలు, నేల పలకల అడుగుభాగం, వీటన్నిటికీ రెండుమూడు పొరల ఎపాక్సీ వేయండి. కర్ర అడ్డకోత ముఖం నీటిని వేగంగా పీల్చుకుంటుంది; పాత పడవల్లో పలకలు అడుగు నుంచి నల్లబడటానికి కారణం అక్కడ ఎవరూ పూత వేయకపోవడమే. నేల పలకల చుట్టూ ఈ పొరల మందం కలుపుకుని రెండు మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి, లేకపోతే అవసరమైన రోజున అవి పైకి రావు.

కనిపించే వైపు మెరుపు వార్నిష్ మొదటి పూతను సగానికి సగం థిన్నర్ కలిపి, రెండోదాన్ని పావువంతు కలిపి, మూడోదాన్ని ఇంకా తక్కువతో, ఆపైన యథాతథంగా వేయండి. డబ్బా మీద వేరే పాళ్లు ఉంటే వాటినే పాటించండి. లోపలి పనికి మొత్తం నాలుగైదు పూతలు సరిపోతాయి. చివరి పూత మాత్రం శాటిన్ వేయండి. అన్ని పూతలూ శాటిన్‌తో వేస్తే, మెరుపు తగ్గించే పొడి పొరలు పొరలుగా పేరుకుని చెక్క మసకగా కనిపిస్తుంది. శాటిన్ డబ్బాలో పొడి అడుగున దిగుతుంది కనుక నెమ్మదిగా కలియబెట్టాలి; ఊపితే బుడగలు వస్తాయి. ఎప్పుడూ డబ్బాలో బ్రష్ ముంచకుండా, కొద్దిగా వడపోసి వేరే గిన్నెలోకి తీసుకోండి.

ఒక్కో పూతకు మధ్య ఒక రోజు ఆగి, 320తో తేలికగా రుద్ది, వ్యాక్యూమ్ చేసి, మినరల్ స్పిరిట్‌తో తడిపిన నూలుగుడ్డతో తుడవండి. చల్లని సాయంత్రాల్లో పలక మీద కంటికి కనిపించని మంచు దిగి మెరుపు పోతుంది, అందుకని పూతను మధ్యాహ్నం దాటకముందే ముగించాలి. పెద్ద పలక మీద బ్రష్‌ను ముందు రేఖలకు అడ్డంగా, చివర రేఖల వెంబడి నడిపి వదిలేయండి. ఆరడం మొదలైన చోటుకు వెనక్కి వెళ్లి సర్దవద్దు. అలా సర్దితే గీత పడుతుంది; లోపమేదైనా ఉంటే తర్వాతి పూతకు రుద్దినప్పుడు సరిచేసుకోవచ్చు.

నూనె ఆధారిత వార్నిష్, టేకు నూనె, అవిసె నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా పడేయవద్దు. నూనె ఆరేటప్పుడు పుట్టే వేడి ముద్ద లోపల చిక్కుకుని, నిప్పు తగలకుండానే గుడ్డలు అంటుకుంటాయి. వాటిని విడివిడిగా బయట పరిచి ఆరబెట్టండి, లేదా మూత ఉన్న లోహపు డబ్బాలో నీటిలో ముంచి ఉంచండి. పడవలో ఒక్క గుడ్డ కూడా వదిలి ఇంటికి వెళ్లకండి.

లాకర్ల లోపల నూనె, వార్నిష్ రెండూ వద్దు. గాలి లేనిచోట వాటి వాసన నెలల తరబడి పోదు, నూనె మీద బూజు కూడా పడుతుంది. అక్కడ మైనం తీసిన షెల్లాక్ రెండు పూతలు వేస్తే పాత డీజిల్ వాసన కూడా అణుగుతుంది. అదే షెల్లాక్‌ను వంటగది, టాయిలెట్ పలకల మీద వాడితే వేడి గిన్నె, తడి గ్లాసు తెల్లని వలయాలు మిగులుస్తాయి. రెండు డబ్బాలు కలిపే స్ప్రే పాలీయురేథేన్ చాలా గట్టిదే కాని, దానిలోని ఐసోసైనేట్ అనే హానికర రసాయనాలకు మామూలు మాస్కు చాలదు. అది కావాలనుకుంటే ముక్కలను విప్పి స్ప్రే బూత్ ఉన్న వర్క్‌షాపుకు పంపండి.

11. తిరిగి బిగించండి

వార్నిష్ వేలికి అంటకపోవడం, అది గట్టిపడటం వేరువేరు. కనిపించని మూలలో గోరుతో నొక్కండి. గుర్తు పడితే ఇంకా వారం ఆగాలి. తొందరపడి తలుపులు మూస్తే చట్రానికి అతుక్కుంటాయి.

ఇత్తడి స్క్రూ టేకులో విరగకుండా ఉండాలంటే రంధ్రం చేసి, అదే సైజు స్టీల్ స్క్రూను ముందు తిప్పి తీసివేయండి. తర్వాత ఇత్తడిదాన్ని కొవ్వొత్తి మైనం రాసి బిగించండి. గులాబీ రంగుకు తిరిగిన పాత ఇత్తడి స్క్రూలలో జింకు పోయి బలం ఉడిగింది, వాటిని మార్చాలి. తడి తగిలే చోట సిలికాన్ బ్రాంజ్ మంచిది. తలల మీది కొత్త బిళ్లలను ఎపాక్సీతో కాకుండా వార్నిష్ చుక్కతో కూర్చోబెట్టండి, మళ్లీ ఎవరైనా విప్పవలసిరావచ్చు. బిళ్ల రేఖలు పలక రేఖలతో కలవాలి. ఉలితో మొదటి కోత కొంచెం ఎత్తులో వేసి, కర్ర ఏవైపు చీలుతోందో చూసి, ఎదురువైపు నుంచి చివరి కోత వేయండి.

సొరుగుల కింది పట్టాలకు పూత వద్దు, కొవ్వొత్తి రుద్దితే చాలు. ప్రతి లాకర్‌కు గాలి వచ్చే దారి ఒకటి, పోయే దారి ఒకటి ఉందో లేదో చూడండి. పరుపుల వెనుక, హల్ గోడకు ఆనుకున్న చోట, సన్నని బద్దలు కొట్టి వేలెడు సందు వదలండి.

పని నిలుస్తుందో లేదో ఎలా తెలుస్తుంది

పూత పూర్తయిన నెల తర్వాత, దాగిన చోట బ్లేడుతో చిన్న గళ్లు గీసి, బలమైన టేపు అంటించి ఒక్కసారిగా లాగండి. గళ్లు టేపుతో పాటు లేస్తే కింద నూనె, మైనం, తేమలో ఏదో మిగిలిపోయింది, ఆ పలకను మళ్లీ చేయాలి. లాకర్లన్నీ వారం పాటు మూసి, తెరిచిన క్షణంలో వాసన చూడండి. మట్టివాసన వస్తే ఆ లాకర్ వెనుక ఇంకా తడి ఉంది, మీటరు తీసుకుని మొదటి మెట్టుకు వెళ్లండి.

తేమ అంకెలను గదుల వారీగా ఒక కాగితం మీద తేదీతో రాసి, చుక్కాని దగ్గరి సొరుగులో ఉంచండి. వాన తర్వాత ఒకసారి, చలికాలం చివర ఒకసారి అవే చోట్ల కొలవండి. ఒక్కచోట మాత్రమే అంకె పెరిగితే దానికి పైనున్న బిగింపును పూత చెడకముందే విప్పి చూడవచ్చు. ఎండ నేరుగా పడే కిటికీ గట్లకు ఏటా 320తో తేలికగా రుద్ది ఒక పూత వేయండి, మిగతా గదులకు కొన్నేళ్ల వరకు తడిగుడ్డ తుడుపు సరిపోతుంది.